తీరిక వేళలు, పాటలు, పోదామనుకున్న ఊళ్లు

(సంఘ వార్షిక సమావేశంలో విశ్వవిద్యాలయ విద్యార్థుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



"విద్యార్థులు తమ తీరిక కాలమును ఎట్లు సద్వినియోగపరచుకొనవలెను" అనే విషయంపై పది నిమిషాలు మాట్లాడవలసిందిగా కార్యదర్శిగారు మాకు కబురు చేశారు. ఈ విషయంమీద ప్రతి యేడూ ఎవరో ఒక పెద్దమనిషి మాట్లాడటం, మేము వెనుక బెంచీలలో కూర్చుని వినటం ఆనవాయితీ. ఈసారి మమ్మల్నే మాట్లాడమన్నారు. సద్వినియోగం సంగతి పెద్దలు చెప్పగా చాలా విని వున్నాము గనుక, అసలు మా తీరిక ఎంత, అందులో మేము ఏం వింటున్నాం, ఎక్కడికి పోవాలని కలలు కంటున్నాం అన్నది వున్నది వున్నట్లు మనవి చేసుకొంటాము. ఇది ఒకరు రాసింది కాదు. ఐదుగురం కలిసి రాశాం. అందులో ఇద్దరు ఆడపిల్లలు. చదివేది ఒక గొంతే అయినా "మేము" అంటున్నది అందుకే.

ముందు తీరిక సంగతి. మన ఇళ్లలో దీన్ని ఫుర్సత్ అంటాం. తెలుగులో తీరిక. పని తీరిన తర్వాత మిగిలేది తీరిక అని మా తెలుగు మాస్టారొకరు చెప్పేవారు. మరి మా ఇళ్లలో పని ఎప్పుడు తీరింది గనుక! మా ఐదుగురిలో ఒకరి తల్లి గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతారు. సీజను వచ్చిందంటే పొద్దున పోయిన మనిషి దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరతారు. రాత్రి అన్నం కలపబోతే వేళ్లు మంట. కొబ్బరినూనె రాసుకొని, చెంచాతో తినటం ఆ ఇంట్లో అలవాటు. ఇంకొకరి అబ్బా కుట్టుమిషను మీద రంజాన్ నెలంతా తెల్లవార్లూ కూర్చుంటారు. వీళ్ల పిల్లలం మేము యూనివర్సిటీ మెట్లమీద సాయంత్రం అయిదు గంటలకు చెట్టుకింద కూర్చుని కబుర్లు చెప్పుకొంటున్నామంటే, ఆ గంట మాకు ఊరికే వచ్చింది కాదు. ఇంట్లో ఎవరో ఆ గంటకు తమ పని జత చేశారు. ఈ మాట మేము మరవలేదని తల్లిదండ్రులు గ్రహిస్తే చాలు. కాని దానికి బదులుగా ఆ గంటసేపు కూడా పుస్తకంలోనే తల పెట్టుకొని వుండాలంటే, అయ్యా, అది జరగదు. ఎద్దుకైనా కాడి దించి నీళ్లు చూపిస్తారు గదా.

ఆదివారాలు, సెలవులు కలిపి లెక్క వేసుకొన్నాం. క్లాసులు, ప్రయాణం, మెస్సులో క్యూ, బట్టలు ఉతుక్కోవటం, కొందరికి సాయంత్రం ట్యూషన్లు చెప్పటం, ఇంకొకరికి సెలవుల్లో సెల్లు రిపేరు దుకాణంలో కూర్చోవటం అన్నీ పోగా రోజుకు రెండు గంటలు తీరిక దొరికితే గొప్ప. ఆ రెండు గంటలూ ఎక్కడికి పోతున్నాయని అడిగితే మేము తలవంచుకోనక్కర్లేదు గాని, చెప్పటానికి కాస్త ఇబ్బందే. చాలా భాగం ఫోను తింటుంది. అర నిమిషం బొమ్మ, తర్వాత ఇంకో అర నిమిషం బొమ్మ. చూసిన వాటిలో ఒక్కటీ మర్నాటికి జ్ఞాపకం వుండదు. పెద్దలు ఫోను మీద కోప్పడటంలో న్యాయం వుంది. అయితే పెళ్లిపందిట్లో కూర్చుని మాకంటే ఎక్కువసేపు ఫోను చూసే పెద్దలను కూడా మేము ఎరుగుదుము. ఆ సంగతి వారికే వదిలేస్తున్నాం.

ఆడపిల్లల తీరిక వేరే లెక్క. సెలవులకు ఇంటికి వచ్చిన అన్న మంచం వాల్చుకుంటాడు. చెల్లెలు పొయ్యిదగ్గరికి పోతుంది. ఇద్దరిదీ ఒకే కోర్సు, ఒకే పరీక్ష. ఇందులో ఎవరినీ నిందించటం లేదు. ఈ వాక్యం రాసింది మాలోని ఆడపిల్లలైనా, చదివి తలకాయలు గోక్కున్నది మిగిలిన ముగ్గురం. రాసింది తీసెయ్యకుండా వుంచాం.

ఇక పాటలు. ఈ మాట ఎత్తగానే ముందు వరసలో ఒకరిద్దరు పెద్దలు సర్దుకొని కూర్చోవటం కనిపిస్తున్నది. సంగీతంపట్ల మనలో ఎన్ని అభిప్రాయాలున్నాయో మాకు తెలుసు. దానిమీద తీర్పు చెప్పేంత చదువు మాకు లేదు, ఆ జోలికి పోము. మేము చెప్పదలచుకొన్నది మన జిల్లాల చరిత్రలో వున్న సంగతి మాత్రమే.

మా గదిలో ఒకడికి మహమ్మద్ రఫీ అంటే ప్రాణం. రఫీ 1980 జులై 31న పోయారు. వీడు పుట్టింది ఆ తర్వాత ఇరవై యేళ్లు దాటాక. అయినా రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాక వీడి మంచం నుంచి రఫీ గొంతు సన్నగా రావలసిందే. "భలే తమ్ముడు" (1969)లో రామారావుకు, "ఆరాధన" (1976)లోనూ ఆయనకే రఫీ తెలుగులో పాడారని వీడే మాకు చెప్పాడు. పంజాబులో అమృతసరు దగ్గర పల్లెటూళ్లో పుట్టిన మనిషి, తెలుగు మాటను ఆ తీపితో పలికాడంటే మాకు ఆశ్చర్యమే. ఒకటి రెండు చోట్ల ఒత్తులు జారితే జారాయి, ఎవరికి కావాలి!

రఫీ పుట్టింది 1924లో. అదే 1924లో మన ప్రకాశం జిల్లా కరవదిలో ఇంకొకరు పుట్టారు. ఆయన పేరు షేక్ చిన మౌలానా. ఈ హాలులో వున్న మా యీడువాళ్లలో ఎందరికి ఆ పేరు తెలుసో చేతులెత్తమని అడగబోవటం లేదు. మాలో నలుగురికి రెండేళ్ల క్రితం దాకా తెలియదు. అయిదో అమ్మాయి ఆ వైపు ఊరిది గనుక ఆమెకు తెలుసు. సన్నాయి వాయించే ముస్లిం కుటుంబాలు ఒంగోలు, చిలకలూరిపేట ప్రాంతాల్లో తరతరాలుగా వున్నాయి. చిలకలూరిపేట ఆదం సాహెబు పేరు ఆ విద్యలో ఒక సంప్రదాయానికే పేరు. చిన మౌలానా అట్లాంటి కుటుంబంలో పుట్టి, ఇక్కడి విద్య నేర్చి, అది చాలక తంజావూరు బాణీ కావాలని తమిళ దేశం పోయి నాచ్చియార్ కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణుల దగ్గర శిష్యరికం చేశారు. చివరకు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథుని ఊళ్లో, కరవది నుంచి వచ్చిన మౌలానా సన్నాయి! 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. 1999లో కన్నుమూశారు. శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన ఆశ్రమానికి పెట్టుకొన్న పేరు శారదా నాదస్వర సంగీత ఆశ్రమం.

మేము ఆయన రికార్డింగు మొదటిసారి విన్నప్పుడు సగంలో ఆపేశాం. మాకు అలవాటైన పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇదేమో పావుగంట అయినా ఇంకా రాగం దగ్గరే తిరుగుతున్నది. ఆ ఒంగోలు వైపు అమ్మాయి నవ్వి, "మీరు పాట కోసం చూస్తున్నారు, ఊపిరి కోసం వినండి" అన్నది. ఆ తర్వాత కూర్చుని విన్నాం. ఆ వాద్యం నిలువునా చెక్క. నోటి దగ్గర రెల్లుతో చేసిన చిన్న పీక, వేళ్లకు ఏడు రంధ్రాలు. హార్మోనియంలో వున్నట్లు స్వరానికి మెట్టంటూ వేరే లేదు. స్వరాన్ని సగం వేలుతో, సగం పెదవితో, సగం గాలితో పలికించాలి. (మూడు సగాలేమిటని గణితం వాడు అడిగాడు. వాయించేవాడికి అట్లాగే వుంటుందట.) పక్కన డోలు ఎంత గట్టిగా మోగినా దానిమీదుగా వినపడాలి. వీధిలో, ఊరేగింపులో, మైకు లేని కాలంలో పుట్టిన వాద్యం మరి. పొద్దున్నే గొంతు తడారకముందే సాధన మొదలుపెట్టి, దవడలు నొప్పిపుట్టి, పీక పాడైతే మళ్లీ కొత్తది సరిచేసుకొని, ఇట్లా యేళ్లకు యేళ్లు. ఈ పనికి మన పిల్లల్లో ఎవరికి తీరిక వుంది?

భద్రాచలం ఆలయంలో ఆస్థాన విద్వాంసులుగా వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబు గారు 2021లో పోయారు. 2022లో పద్మశ్రీ ప్రకటిస్తే, అందుకోవటానికి ఆయన లేరు. చిన మౌలానా గారి దగ్గర నేర్చుకొన్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కాలీషాబీ గారి సంగతి మాలోని ఆడపిల్లలు ప్రత్యేకంగా చెప్పమన్నారు. మగవాళ్లకే గాలి చాలదనే ఆ వాద్యాన్ని ఆమె భర్త పక్కన కూర్చుని, ఆయనకు తీసిపోకుండా వాయిస్తారు. ఆమె వాయించే తీరు చూసి మాలో ఒక అమ్మాయి తన గురించి తాను కొన్ని నిర్ణయాలు చేసుకొన్నది. అవేమిటో మాకు ఇంకా చెప్పలేదు.

బుర్రకథ సంగతి కూడా ఒక్క మాట. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, తంబురా భుజాన వేసుకొని కాలు కదిపితే ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ కూర్చునేవి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన గొంతులో విని పెరిగినవారు ఈ హాలులో తాతలు కొందరుంటారు. బెంగాలు కరువును కూడా ఆయన కథ కట్టి చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకొన్నారు, 1997లో పోయారు. ఆయన జీవితకథ పుస్తకానికి "పింజారి" అని పేరు. ఎవరైనా తక్కువచేసి పిలవబోతే ముందుగానే తన అట్టమీద అచ్చు వేయించుకొన్న మనిషి! మేము ఆ పుస్తకాన్ని ఒకటే కాపీ వంతులవారీగా చదివాం. అట్ట ఊడింది. సంఘం లైబ్రరీలో లేదు, వుంటే బాగుండును.

ఇంతవరకూ పాటలు. ప్రయాణాల సంగతి చెబితే మా మనవి ముగిసినట్లే.

పరీక్షల ముందు రాత్రుళ్లు, చదవవలసింది చదవకుండా, గోడకు తగిలించిన ప్రపంచ పటం ముందు కూర్చుని ఊళ్లు పంచుకోవటం మా అలవాటు. ఒకడు సమర్‌ఖండ్ తీసుకొన్నాడు. అక్కడ ఉలుగ్ బేగ్ కట్టించిన నక్షత్రశాల మట్టిలో కలిసిపోతే, 1908లో తవ్వి తీశారు, గుట్టలోకి తొలిచిన ఆ పెద్ద చాపం ఇప్పటికీ చూడవచ్చునని భౌతికశాస్త్రం వాడి ముచ్చట. ఒక అమ్మాయి స్పెయినులో కార్డోబా తీసుకొన్నది. ఇంకొకడు ఏ దేశమూ అక్కర్లేదు, ఒకసారి మంచు కురవటం చూస్తే చాలన్నాడు. గుంటూరు మేనెలలో ఆ కోరిక ఎందుకు పుట్టిందో వివరించనక్కర్లేదు.

ప్రయాణం మనవాళ్లకు కొత్త కాదు. ఇబ్న్ బతూతా 1325లో టాంజియర్ నుంచి బయలుదేరేనాటికి ఆయన వయస్సు ఇరవై ఒకటి. సరిగ్గా మా వయస్సు. హజ్‌కని బయలుదేరినవాడు ఢిల్లీ వచ్చి కాజీ పని చేశాడు, దౌలతాబాదు, కాలికట్, మదురై చూశాడు, చైనా దాకా పోయాడు. ఇరవై నాలుగేళ్లకు తిరిగివచ్చాడు. ఆయన కథలో జనం గొప్పగా చెప్పుకొనేది ఆ దూరం. మమ్మల్ని పట్టుకొన్నది వేరే. తండ్రి పోయిన సంగతి, పోయిన పదిహేనేళ్లకు దమస్కులో ఎవరో చెబితే తెలిసింది. తల్లి ఆయన ఊరు చేరకముందే ప్లేగులో పోయింది. ఈ భాగం చదివిన రాత్రి మా గదిలో ముగ్గురు ఇళ్లకు ఫోన్లు చేశారు. ఆ వేళప్పుడు ఎందుకు చేశావురా, ఒంట్లో బాగాలేదా అని ముగ్గురి అమ్మలూ ఒకే మాట అడిగారు.

హైదరాబాదు మనిషి యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ లక్నో నవాబు కొలువులో సిపాయి పని చేస్తూ సెలవు పెట్టి 1837లో కలకత్తాలో ఓడ ఎక్కి లండన్ పోయాడు. తిరిగివచ్చి రాసిన పుస్తకం 1847లో అచ్చయింది. ఉర్దూలో మొదటి యాత్రాగ్రంథంగా దాన్ని చెబుతారు. అంతకు కొద్ది యేళ్ల ముందే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి బయలుదేరి మన కడప సీమ, హైదరాబాదు మీదుగా కాశీ పోయి వచ్చి తెలుగులో "కాశీయాత్ర చరిత్ర" రాశారు. ఇద్దరూ ఒకే కాలంవారు, ఒకరు ఓడమీద, ఒకరు పల్లకీలో. ఒకరు సిపాయి, ఒకరు కోర్టులో దుబాసీ. కొలువు చేసుకొనేవాళ్లకు లోకం చూడాలనే కోరిక వుండటం తప్పు కాదని ఇద్దరూ సాక్ష్యం చెబుతున్నారు.

సమర్‌ఖండ్‌కు మా దగ్గర డబ్బు లేదు. కనుక మేము నిజంగా పోదగిన ఊరొకటి ఎంచుకొన్నాం. అది బిజాపూరు. ఇప్పుడు విజయపుర అంటున్నారు. 1656లో పూర్తయిన గోల్ గుంబజ్ అక్కడే. నడుమ ఒక్క స్తంభం లేకుండా అంత గుమ్మటం నిలబడింది. లోపలి గ్యాలరీలో ఈ గోడ దగ్గర గుసగుసగా మాట్లాడితే ఆ గోడ దగ్గర వినిపిస్తుంది. మాకు అంతకంటే ఇష్టమైంది కొంచెం అవతల వున్న ఇబ్రహీం రౌజా. అక్కడ నిద్రిస్తున్న రెండవ ఇబ్రహీం ఆదిల్ షా 1580 నుంచి 1627 దాకా రాజ్యం చేశాడు. దక్కనీ భాషలో "కితాబ్-ఎ-నౌరస్" అని పాటల పుస్తకం రాశాడు, ఒక్కో పాటకూ రాగం పెట్టి. తన తంబురాకు మోతీఖాన్ అని పేరు పెట్టుకొన్నాడు. రాజై వుండి వాయిద్యానికి మనిషిపేరు పెట్టుకొన్నవాడి ఊరు ఒకసారి చూడాలి గదా! మన నానీమాలు మాట్లాడే భాషకు ఆ ఊరు పుట్టిల్లులాంటిది. "హౌ", "నక్కో" అన్నందుకు కాలేజీలో మమ్మల్ని నవ్వినవాళ్లున్నారు. ఆ మాటలు పలికిన నోళ్లతోనే రాజులు పాటలు కట్టారని అక్కడ నిలబడి ఒకసారి అనుకోవాలని వుంది.

అయితే పోయేది ఎవరు అన్నదగ్గర మా ఐదుగురిలోనే వాదన వచ్చింది. అబ్బాయిలు ముగ్గురం ఇంట్లో ఒక మాట చెప్పి బయలుదేరగలం. మిగిలిన ఇద్దరూ? మొన్నటి కాలేజీ విహారయాత్రకు వారిలో ఒకామె పేరు ఇచ్చి, డబ్బు కట్టి, ముందురోజు రాత్రి ఇంట్లో వద్దంటే ఆగిపోయింది. బట్టలు సర్దిన సంచి అట్లాగే వుంచి నిద్రపోయింది. ఆ ఇంటివారు మంచివారు, కూతురిని ఎం.ఎస్.సి. చదివిస్తున్నవారు. భయం వారిది. ఆ భయం ఊరికే పుట్టింది కాదని మాకూ తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఛార్జీ ఖర్చు తప్పింది. ఇంట్లో అనుమతి మాత్రం ఏ ప్రభుత్వమూ ఇప్పించలేదు. "నాకు కార్డోబా దాకా అక్కర్లేదు, ముందు ఒంగోలు దాకా నేనొక్కదాన్నే పోయివస్తాను" అని ఆమె మా పటం ముందు అన్నది. తర్వాత కాసేపు ఎవరూ ఊరు పేరు ఎత్తలేదు.

కనుక సంఘం పెద్దలకు మా మనవి ఇది. ప్రతి యేడూ వార్షికోత్సవంలో ఆటల పోటీలు, బహుమతులు పెడుతున్నారు, సంతోషం. ఈసారి డిసెంబరు సెలవుల్లో సంఘం పేరుమీద బిజాపూరుకు ఒక బస్సు కట్టండి. పోతూ వస్తూ నాలుగు రోజులు. ఆడపిల్లలున్న ఇళ్ల నుంచి తల్లో, ఆపానో, ఫూఫీనో ఎవరైనా వెంట వస్తే వారికి ముందు సీట్లు. మిరపకాయలకు తొడిమలు తీసే ఆ తల్లి తాను కూడా వస్తానన్నారు. ఆమె ఇంతవరకూ విజయవాడ దాటలేదు. డిసెంబరు అయితే మిర్చి సీజను మొదలుకాదు, పని పోదు అని ఆమే నెల చెప్పారు. భోజనం మేమే వండుకొంటాం. మాలో ఒకడికి ఖుబూలీ వండటం వచ్చు, తక్కినవాళ్లం ఉల్లిపాయలు తరుగుతాం. బస్సులో రఫీ కొంతసేపు, చిన మౌలానా కొంతసేపు పెట్టుకొంటాం. సంగీతం వద్దనే పెద్దలెవరైనా వెంట వస్తే ఆ గంటల్లో ఆపేస్తాం. కిటికీ పక్కన సీటు ఎట్లాగూ ఇస్తాం.

పేర్లు రాసుకోవటానికి ఒక కాగితం బయట షర్బత్ బల్లమీద పెట్టాం. ఉదయం నుంచి పదకొండు పేర్లు పడ్డాయి. అందులో నాలుగు ఆడపిల్లలవి. ఒక పేరు పక్కన "మా అబ్బాను అడిగి చెబుతాను" అని వుంది. ఆ అబ్బాగారు ఈ హాలులోనే వున్నారు. పెన్ను దారంతో కట్టి వుంది, ఎవరూ జేబులో పెట్టుకొని పోవద్దని ప్రార్థన. సెలవు.